నడిమి పలక మీద రైలు

ఎక్కడ ఆపాను? ఆ, బల్ల కింద. పోయిన వారం మిమ్మల్ని వదిలేసరికి నేను గీకుడు కత్తి పట్టుకుని ఒక పాత భోజనాల బల్ల కింద వెల్లకిలా పడుకుని, గీకాలా వద్దా అని తేల్చుకోలేక కొట్టుకుంటున్నాను.

అప్పటిదాకా జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాత చెక్క సామాన్లు బాగుచేసి రంగులు వెయ్యడం మా ఇంటి పని. మా నాన్నని అందరూ పెద్దమేస్త్రి అంటారు. రంగుల పని నాది కాబట్టి నేను రంగులక్కని. మా ఆయన ఒకప్పుడు మంచి వడ్రంగి. ఇప్పుడు వరండాలో కూర్చుని కుర్చీలకి పేము అల్లుతాడు, అంతే. సోమవారం నాన్న ఎక్కడినుంచో ఒక భోజనాల బల్లా, ఆరు కుర్చీలూ తెచ్చి షెడ్డులో దింపించి, "గీకొద్దమ్మడూ. ఉన్న పచ్చరంగు మీదే ఇంకో రంగు కొట్టెయ్. వాళ్లు అలాగే కావాలన్నారు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ బల్ల ఏ ఇంటిదో దాని కాళ్లు చూడగానే నాకు తెలిసిపోయింది. మా ఆయనకీ తెలిసింది. ఆ రోజు నుంచి ఆయన షెడ్డు వైపు కన్నెత్తి చూడలేదు.

పన్నెండేళ్ల కిందట మా ఆయన కొంప ముంచింది ఆ బల్లే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే దాని నడిమి పలక. భోజనానికి ఎక్కువమంది కూర్చోవాలంటే బల్లని రెండువైపులకీ లాగి మధ్యలో ఒక పలక పెడతారు చూడండి, అది. ఉబ్బిపోయి బిగుసుకుంటోందని ఆ ఇంటివాళ్లు ఆయనకిచ్చారు. ఆయన ఇంటికి తెచ్చి, అంచులు రెండూ చిత్రిక పట్టి, మర్నాడు తీసుకెళ్లి ఇచ్చాడు. చిత్రిక పట్టిన చోట లోపలి కర్ర బయటపడింది. బల్లంతా నల్లటి రోజ్‌వుడ్. ఈ పలక మాత్రం చవకరకం తెల్లకర్ర. "మా పలక ఏదయ్యా?" అన్నారు. "ఇదేనండీ" అన్నాడు. "పైన మీ తెల్లరంగే ఉంది కదా" అన్నాడు. "తెల్లరంగు ఏ చెక్కకైనా వేస్తారు" అన్నారు. ఇక ఆయన మాట్లాడలేదు. నడివీధిలో నిలబెట్టి దొంగ అన్నారు, అప్పుడూ మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఉలులన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. వాళ్లు ఆ బల్లకి మొత్తం పచ్చరంగు కొట్టించుకున్నారు.

మరి నేను? నేను ఆయన పక్కన నిలబడ్డానా? ఆ సంగతి కాసేపాగి చెప్తాను. ఇప్పుడే చెప్పడానికి నోరు రావడం లేదు.

సరే, బల్ల కింద ఉన్నాను కదా. నాకు ఒకటే అనుమానం. పాత రంగు మీద కొత్త రంగు వెయ్యడం అంటే చెమట మీద పౌడరు రాసుకోవడమే అని నాకు నేర్పింది మా నాన్నే. చిన్నప్పుడు ఒక స్టూలుకి గీకకుండా రంగేసినందుకు ఆ స్టూలు మీదే నన్ను ఒంటికాలి మీద నిలబెట్టిన మనిషి. అలాంటాయన ఈ బల్ల దగ్గరికొచ్చేసరికి "గీకొద్దు" అంటాడేంటి? పైగా ఆ రెండు రోజుల్లో నాలుగుసార్లు వచ్చి చూసిపోయాడు. "ఇంకా మొదలుపెట్టలేదా, ప్రైమర్ కొట్టెయ్యరాదూ" అంటూ నా వెనకే తిరిగాడు. ఎప్పుడైనా నా పనిలో తలదూర్చాడా ఆయన? అదేదో నాకు అస్సలు నచ్చలేదు.

బుధవారం పొద్దున పదింటికి గేటు దగ్గర స్కూటర్ ఆగింది. ఒకమ్మాయి, పాతికేళ్లుంటాయి, చేతిలో రంగుల కార్డు, భుజానికి సంచీ. వరండాలో మా ఆయన్ని ఏదో అడిగింది. ఆయన తలెత్తకుండానే షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

"రంగులక్క అంటే మీరేనా అండీ? ఆ బల్ల మాదే. చూసిపోదామని వచ్చాను" అంది.

ఆ ఇంటి మనిషి! కానీ ఆ గొడవ జరిగినప్పుడు ఈ పిల్లకి పన్నెండో పదమూడో ఉంటాయి. మేమెవరమో తెలియదు పాపం. పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు, "రామ్మా. ఏ రంగు అనుకున్నారు?" అన్నాను.

"కుర్చీలకి ఈ పసుపు. బల్లకి రంగేమీ వద్దండీ. మొత్తం గీకేసి అసలు కర్ర కనబడేలా పాలిష్ పెట్టండి. మీ నాన్నగారికి అదే చెప్పాను కదా!"

"గీకమన్నారా మీరు?"

"అవునండీ. ఆయన ముందు ఒప్పుకోలేదు. గీకితే కర్ర చచ్చిపోతుందన్నారు. అయితే వేరేచోట చూసుకుంటానులెండి అంటే, వద్దొద్దు మా అమ్మాయి చేస్తుంది, ఇక్కడికే పంపించమన్నారు." ఆ పిల్ల నా మొహం చూసి తగ్గింది. "ఏమండీ, చెప్పలేదా?"

చెప్పాడు. సరిగ్గా దానికి ఎదురు చెప్పాడు. ఎదురుగా ఉన్న మనిషి ఒకటి చెప్తే, మా నాన్న నా చెవిలో ఇంకోటి ఊదాడు. డెబ్బై ఏళ్లొచ్చిన మనిషి, పనిలో అబద్ధమాడగా నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో నా చేతిలో కత్తికి ప్రాణం వచ్చింది.

"ఇప్పుడే మొదలుపెడదాం. మీరు కూడా ఉండండి" అన్నాను.

ఆ పిల్ల సంబరపడిపోయింది. "అయితే ఒక సాయం చేస్తారా? పచ్చరంగు కింద తెల్లరంగు ఉంటుంది. నా ఎనిమిదో ఏట దాని మీద రైలుబొమ్మ గీశాను, కాంపస్ ముల్లుతో. మా నాన్నగారు అది కనబడకుండా మళ్లీ ఒక పూత తెల్లరంగు వేయించి, ఆ ఏడాదంతా నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. వంటింట్లో పీట మీదే తిండి. దాన్ని తీసేసేముందు ఒక్కసారి చూడాలనుంది. ఫొటో తీసుకుంటాను."

"ఎటువైపు?"

"కిటికీవైపు అంచు. ఇంజను పెద్ద బల్ల మీద ఉండాలి. పెట్టెలు చాలా గీశాను, ఎక్కడిదాకా వచ్చాయో గుర్తులేదు."

నా పద్ధతి ఒకటుంది. ఏ సామాను వచ్చినా ముందు ఎవరికీ కనబడని చోట అగ్గిపెట్టంత జాగాలో ఒక్కో పొరా తీసి చూస్తాను. కిటికీ తియ్యడం అంటాను నేను దాన్ని. కింద ఏముందో తెలియకుండా పైన చెయ్యి వెయ్యను. ఈసారి మాత్రం కిటికీ కాదు, ఏకంగా తలుపే తీశాను. జానెడు వెడల్పున బల్ల అంచు పొడుగూతా రంగు ఊడదీసే మందు, రిమూవర్ పూసి కూర్చున్నాం. పచ్చరంగు మెల్లగా ముడతలు పడి పైకి లేచింది. కత్తిని పడుకోబెట్టి, కింద తెల్లరంగు లేవకుండా, ఊపిరి బిగబట్టి తోశాను. తడిగుడ్డతో తుడిచాను.

రైలు ఉంది. తెల్లపూత వేశాక కంటికి ఆనకపోయినా సన్నటి గాడి మిగిలిన గీతల్లోకి పచ్చరంగు దిగిపోయి అక్కడే ఉండిపోయింది కాబట్టి, తెల్లటి బల్ల మీద పచ్చటి రైలు. ఇంజనుకి పొగగొట్టం, పొగగొట్టానికి మీసాలు.

"మీసాలు మా నాన్నగారివి!" ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. "అందుకే అంత కోపమొచ్చింది ఆయనకి!"

నేనూ నవ్వాను. నవ్వుతూనే కత్తి జరుపుతున్నాను. మొదటి పెట్టె. రెండో పెట్టె. మూడో పెట్టె సగం వచ్చేసరికి పెద్ద బల్ల అయిపోయి నడిమి పలక మొదలైంది. నా చెయ్యి అక్కడ ఆగింది. ఇంకో బెత్తెడు తుడిచాను.

మూడో పెట్టె రెండో సగం నడిమి పలక మీద ఉంది. తర్వాత నాలుగో పెట్టె. అయిదు. ఆరు. చివర జెండా ఊపుతున్న గార్డు.

ఒకే గీత, ఈ బల్ల మీంచి ఆ పలక మీదికి. కాంపస్ ముల్లు ఎక్కడా ఆగలేదు. ఒక్కటే తేడా. సరిగ్గా అతుకు మీద పడ్డ చక్రం గుండ్రంగా లేదు, నడుం దగ్గర గోరుమందం లోపించింది. చిత్రిక పడితే ఎంత కర్ర పోతుందో అంత. అంటే రైలు ముందు, చిత్రిక తర్వాత.

నేను అక్కడే నేల మీద చతికిలబడ్డాను.

"ఏమైందండీ? కళ్లు మండుతున్నాయా? మందు ఘాటుగా ఉంది" అంటూనే ఆ పిల్ల మళ్లీ బల్ల వైపు చూసింది. చూసి చూసి కనుబొమలు ముడిచింది. "ఒక్క నిమిషం. ఈ నడిమి పలక మాది కాదు కదా! మా అసలు పలక ఎవరో వడ్రంగి కొట్టేసి ఇది పెట్టాడని ఇంట్లో ఎప్పుడూ అంటుంటారు. అప్పుడు నేను ఎనిమిదో క్లాసు. మరి నా రైలు... నాకు ఎనిమిదేళ్లప్పటిది... దీని మీద ఎలా ఉంది?"

"నువ్వే చెప్పమ్మా" అన్నాను.

"అంటే ఆయన రాకముందు నుంచీ ఇదే పలక ఉంది. ఆయన మార్చలేదు!" నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో. పాపం, ఆయన ఎవరో. ఎక్కడున్నాడో."

"వరండాలో ఉన్నాడు. ఇందాక లోపలికొస్తూ నువ్వు దారి అడిగింది ఆయన్నే. మా ఆయన."

ఆ పిల్ల మొహంలో రంగు దిగిపోయింది. తర్వాత గబగబా ఫొటోలు తీసింది. "మా నాన్నగారికి ఇప్పుడే చెప్తాను. ఇప్పుడే. ఆయన వచ్చి చూడాలి" అంది.

"చెప్పు తల్లీ. లోపల కూర్చుని తాపీగా మాట్లాడు, ఇక్కడ ఈ కంపులో ఎందుకు" అని ఇంట్లోకి పంపించాను. అదీ నేను చేసిన పని. ఇప్పుడు తల్చుకుంటే నా నాలుక నేనే కోసుకోవాలనిపిస్తుంది. ఆ క్షణంలో మాత్రం నాకు ప్రపంచమంతా పిలిచి చూపించాలనే ఉంది.

ఇందాక కాసేపాగి చెప్తానన్నది ఇప్పుడు చెప్తాను. పన్నెండేళ్లు నేను మా ఆయన్ని అనుమానించాను. నోటితో ఒక్క మాట అనలేదు. కానీ ఆ కర్రతో చాటుగా ఏమైనా చేస్తున్నాడేమోనని, ఆయన బయటికి వెళ్తే గుడ్డలో చుట్టిన ఉలులు దించి లెక్కపెట్టాను. చొక్కా జేబులు వెతికాను. రోజ్‌వుడ్ అంటే మోజున్న వడ్రంగి, అంత మంచి కర్ర చేతికొస్తే మనసు జారిందేమో అనుకున్నాను. అమాయకుడైతే అరవడా, తిట్టడా, వాళ్ల గుమ్మం ముందు కూర్చోడా? ఇలా నోరు కుట్టేసుకుని ఉంటాడా? నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. కొత్త పెయింటు డబ్బా తెచ్చినా మూత తీసి వాసన చూడందే నమ్మను. ఆ బుద్ధిని తీసుకెళ్లి కట్టుకున్న మనిషి మీద పెట్టాను.

వరండాలోకి ఎలా నడిచానో తెలియదు. ఆయన కుర్చీ ఒళ్లో పెట్టుకుని పేము లాగి ముడి బిగిస్తున్నాడు.

"ఏమండీ. పలక మీరు మార్చలేదు."

ఆయన చెయ్యి ఆగింది.

"ఆ పిల్ల ఎనిమిదేళ్లప్పుడు దాని మీద రైలు గీసింది. మీరు ఆ ఇంటి గుమ్మం తొక్కడానికి అయిదేళ్ల ముందు. చక్రంలో మీరు చిత్రిక పట్టినంత మేర పోయింది. మీరు దొంగ కాదండీ." ఏడుపు ఆపుకోలేకపోయాను. "నేను కూడా... నేను కూడా మిమ్మల్ని..."

"తెలుసులే" అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. "ఉలులు నువ్వు లెక్కపెట్టి మళ్లీ చుట్టేటప్పుడు ముడి వేరేగా వేసేదానివి."

ఆయన ఒక్క మాట తిట్టినా బాగుండేది నాకు. చాలాసేపు ఆయన మోకాలి మీద తల పెట్టి ఉండిపోయాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. అంతా అయిపోయింది, ఇక ఎండ కాస్తుంది మా ఇంట్లో అనుకున్నాను.

అప్పుడు అడిగాడు. "పచ్చరంగు గీకమని ఎవరన్నారు నీతో?"

తలెత్తి చూశాను. పన్నెండేళ్ల నింద తుడిచిపెట్టుకుపోయిన మనిషి మొహం కాదది. ఏదో చేతిలోంచి జారిపోతుంటే చూస్తున్న మొహం.

"పైన మాత్రమే గీకావా? పలక బయటికి లాగావా?"

"లేదు. ఏం?"

"లాగకు. అంచు చూడకు. ఆ అతుకులో కాస్త లప్పం పెట్టి, రంగేసి పంపించెయ్. నా మాట విను ఈ ఒక్కసారికి."

నాతో ఎవరైనా చూడొద్దు అంటే నేను ఏం చేస్తానో మీకీపాటికి తెలిసే ఉంటుంది. లేచి తిన్నగా షెడ్డులోకి వెళ్లాను. వెనకనుంచి ఆయన పిలుస్తున్నాడు, వినిపించుకోలేదు. బల్ల చివర రెండు చేతులా పట్టుకుని లాగాను. బల్ల విడిపోయింది. నడిమి పలక ఎత్తి, నిలువుగా పెట్టి, కిటికీ వెలుగు పడేలా తిప్పాను.

అంచులో మూడు చిల్లులున్నాయి. పక్క పలక కర్రచీలలు వచ్చి దూరేవి. ప్రతి చిల్లు పక్కనా, బొటనవేలి వెడల్పు దూరంలో, ఇంకో చిల్లు ఉంది. కానీ అది తెరిచి లేదు. ముందు తప్పుచోట తవ్వి, తర్వాత గుండ్రటి కర్ర బిరడా కొట్టి మూసేసింది. మూడు చిల్లులు, మూడు బిరడాలు.

మా షెడ్డులో పనిచేసిన ఎవరినైనా అడగండి, అవేంటో చెప్తారు. మా నాన్న ఎడమచేతివాటం మనిషి. వేరేవాళ్లు చేసిన సామానుకి చీలలు కొలవాల్సివస్తే, అందరూ మొదలుపెట్టే చివరనుంచి కాక, రెండో చివరనుంచి మొదలుపెడతాడు. బొటనవేలంత తేడా వస్తుంది. తిట్టుకుంటూ బిరడా కొట్టి మళ్లీ పక్కన తవ్వుతాడు. యాభై ఏళ్ల పనిలో ఆ తప్పు ఒక్కసారి కూడా తప్పలేదు. "అది పొరపాటు కాదురా, నా సంతకం" అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

ఆ సంతకం నా ఎదురుగా ఉంది. మూడుచోట్ల.

అదే పలకని పన్నెండేళ్ల కిందట మా ఆయన ఇంటికి తెచ్చి, ఇవే అంచులు చిత్రిక పట్టాడు. ఆ రోజు ఆయన చూసింది ఇదీ. అందుకే నోరు విప్పలేదు.

"గీకొద్దన్నాను కదమ్మడూ."

నాన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో కొత్త ప్రైమర్ డబ్బా. ఆయన కళ్లు ముందు రైలు మీద, తర్వాత నా చేతిలో పలక అంచు మీద పడ్డాయి. డబ్బా నెమ్మదిగా నేల మీద పెట్టాడు.

"నువ్వు చేసిందేనా ఇది?" అన్నాను.

"నాదే."

తడుముకోకుండా అన్నాడు. కనీసం ఒక్క అబద్ధమైనా ఆడి ఉంటే నేను అరవడానికి వీలుండేది.

"ఎందుకు నాన్నా?"

"ఇరవై రెండేళ్ల కిందటి మాట. ఆ పలకని వాళ్లు వాడేవాళ్లే కాదు. మెట్ల కింద చెమ్మలో పడేసి ఉంచారు. ఒకసారి చుట్టాలొస్తున్నారని బాగుచెయ్యమని నాకిచ్చారు. ఇంటికి తెచ్చి దుమ్ము తుడిచాను. అమ్మడూ, ఆ కర్ర నువ్వు చూడాలి. అలాంటిది మళ్లీ నా చేతికి రాలేదు. వాళ్లకి దాని విలువ తెలియదు, నాకు తెలుసు. తెల్లకర్రకి నల్ల పాలిష్ పెట్టి ఇచ్చేశాను. ఎవరూ కనిపెట్టలేదు. తర్వాత వాళ్లే దాని మీద తెల్లరంగు వేయించుకున్నారు. ఇక ఆ కథ అయిపోయిందనుకున్నాను."

"మా ఆయన్ని నడివీధిలో నిలబెట్టినప్పుడు?"

నాన్న గోడకి ఆనుకున్నాడు. "రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకున్నాను. అతను నోరు విప్పలేదు. నువ్వూ అతన్ని నమ్మలేదు. పెళ్లామే నమ్మనప్పుడు నేను చెప్పినా ఏం లాభం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను."

నన్ను తీసుకొచ్చి తన తప్పుకి ఆనుడు కర్రలా వాడుకున్నాడు చూశారా! ఒళ్లు మండిపోయింది. అయినా ఏమనను? ఆ కర్ర నేనే అందించాను.

"అతనికి మాత్రం ఇది నా పనని తెలియదు. అదొక్కటే నాకు ధైర్యం" అన్నాడు నాన్న.

"తెలుసు మామయ్యా." మా ఆయన ఎప్పుడొచ్చాడో, తలుపు అవతల ఉన్నాడు. ఆ బల్ల వచ్చాక షెడ్డుకి అంత దగ్గరగా రావడం అదే మొదలు. "ఆ అంచు చిత్రిక పట్టింది నేనే కదా."

నాన్న కూలబడిపోతాడేమో అనుకున్నాను. మా ఆయన చటుక్కున వెళ్లి భుజం పట్టుకున్నాడు. అల్లుడి చెయ్యి పట్టుకుని ఆ ముసలాయన చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు జాలి కలగాలి. కలగలేదు. నా బుర్ర ఇంకోచోట తిరుగుతోంది.

"అసలు పలక ఏమైంది నాన్నా?"

ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"అమ్మేశావా?"

"ఛ. అలాంటి కర్రని అమ్ముకుంటానా?" ఆ ఏడుపులోనూ ఆయనకి పౌరుషం వచ్చింది. "ఇరవై రెండేళ్ల కిందట అన్నాను కదా. నువ్వు కాపురం పెట్టిన ఏడాదే కదమ్మా అది. నీకు మంచి సామాను ఒక్కటైనా ఇవ్వాలనుకున్నాను."

మా ఇంట్లో ముందుగదిలో ఒక చిన్న బల్ల ఉంది. ఇద్దరు కూర్చుంటే సరిపోయేది. నేను కాపురం పెట్టిన మొదటి వారం నాన్న భుజాన మోసుకొచ్చి ఇచ్చాడు. ఇరవై రెండేళ్లుగా మా ఆయనా నేనూ దాని మీదే తింటున్నాం. ఆయన్ని దొంగ అన్న రోజు కూడా దాని మీదే కంచాలు పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నాం. ఆ రోజు ఆయనకి తెలుసు, తను దేని మీద తింటున్నాడో. నేను మాత్రం ఆ నల్లటి కర్రని ఏటేటా నా చేతులతో మైనం పెట్టి తుడిచి, మా నాన్న పనితనం చూడండి అని వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాను.

ఆ గదిలోనే, ఆ బల్ల దగ్గరే, ఆ పిల్లని కూర్చోబెట్టాను.

"రంగులక్కా!" ఇంట్లోంచి పిలుపు. ముగ్గురం ఉలిక్కిపడ్డాం. "నాన్నగారు ఫొటోలు చూశారు! వెంటనే బయల్దేరారు, అంకుల్‌కి క్షమాపణ చెప్పుకోవాలట!"

పరుగులాంటి నడకతో వెళ్లాను. నా వెనక వాళ్లిద్దరూ. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని నవ్వుతోంది. ఫోను పక్కన పెట్టి రెండు అరచేతులూ బల్ల మీద పరిచి నిమురుతోంది. చెక్క గురించి అంతో ఇంతో తెలిసిన పిల్లే. వేళ్లు దాని మీద మెల్లగా నడుస్తున్నాయి.

"ఆయన ఇంకో మాట అన్నారండీ. ఈ అంకుల్ తియ్యకపోతే మరి మా పలక ఎవరు తీసినట్టు, అది తేల్చకుండా వదలనన్నారు" అంది. అంటూనే తల వంచి బల్ల అంచు చూసింది. "ఈ బల్ల భలే ఉందండీ. అచ్చం మా బల్ల కర్రలాగే ఉంది. ఎవరు చేశారు?"

మా నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. నేను నోరు తెరిచాను. చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఆ రైలు బయటపడి ఏం లాభం? చెప్తే కన్నతండ్రిని నడివీధిలో నిలబెట్టేది నేనే. ఆ ఒక్క క్షణం ఆలోచించాను. అంతే, ఒక్క క్షణం.

మా ఆయన నన్ను పక్కకి జరిపి ముందుకొచ్చాడు.

"నేనే చేశానమ్మా" అన్నాడు.

పన్నెండేళ్లుగా నోరు విప్పని మనిషి నోరు విప్పి చెప్పిన మొదటి అబద్ధం అది. ఆ పిల్ల చేతులు బల్ల మీంచి మెల్లగా వెనక్కి తీసుకుంది. మా నాన్న తల దించుకున్నాడు, కాదు అనలేదు. బయట గేటు ముందు కారు ఆగి, తలుపు వేసిన చప్పుడైంది.